అమ్మ, మాంబళం, మంచినీళ్ళు

మా అమ్మది కృష్ణా జిల్లాలో పామర్రు దగ్గర ఒక పల్లె. ఇల్లు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే పంట కాలువ. బెజవాడలో బ్యారేజీ దగ్గర కాలువలు వదిలారని తెలిస్తే చాలు, పిల్లలంతా రేవులో కూర్చుని నీళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళట. వేసవికి కాలువ కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకునేవాళ్ళు. మళ్ళీ కాలువ వచ్చేదాకా ఆ చెరువే దిక్కు. బిందె లోపలి గోడకు ఇండుపగింజ అరగదీసి నీళ్ళు పోసి ఉంచితే, తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగి పైన తేటనీరు నిలిచేది. ఈ సంగతులేవీ అమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పలేదు. చేతిలో పని సాగుతుండగా, అవసరం వచ్చినప్పుడు, ఒక్కో ముక్క చెప్పేది.

1974లో పెళ్ళయి మద్రాసు కాపురానికి వచ్చింది. నాన్న తెలుగు పుస్తకాలు అచ్చువేసే ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. సారెలో రెండు ఇత్తడి బిందెలు, ఒక గంగాళం కూడా పెట్టింది మా అమ్మమ్మ. "పట్నంలో కొళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, ఇంత బరువు రైల్లో మోసుకుపోవాలా?" అని మేనమామ విసుక్కున్నాడట. అమ్మమ్మ వినలేదు. ఆ రోజు ఆవిడ వినకపోవడమే మా ఇంటిని కాపాడిందని అమ్మ చాలాసార్లు అనేది.

వెస్ట్ మాంబళంలో మేమున్నది పోర్షన్ల ఇల్లు. ముందు వాటాలో ఓనరు వాళ్ళు, వెనక మూడు కాపురాలు. పెరట్లో బావి ఉంది కానీ ఆ నీళ్ళు ఉప్పు. స్నానాలకు, బట్టలకు, అంట్లకు అవే. తాగడానికి, వంటకు మాత్రం వీధి వైపు పంపు. ఆ రోజుల్లో మద్రాసులో ఉన్నవాళ్ళకు ఆ పంపు గుర్తుండే ఉంటుంది. పైపుల్లో ఒత్తిడి చాలక నీళ్ళు కొళాయి ఎత్తుకు ఎక్కేవి కావు. అందుకని ఇంటి ముందు నేల తవ్వి, ఆ గోతిలో చేతిపంపు బిగించేవాళ్ళు. అడి పంపు అనేవాళ్ళు దాన్ని. ఒకరు కొడుతుంటే ఒకరు గోతిలో కుడాలు, అంటే బిందెలు, మార్చేవాళ్ళు. నీళ్ళు వచ్చేది తెల్లవారుజామున, ఏ మూడింటికో నాలుగింటికో. అది కూడా వేసవిలో రోజు విడిచి రోజు.

కాపురానికి వచ్చిన కొత్తలో అమ్మ బావి నీళ్ళతో కందిపప్పు ఎసరు పెట్టిందట. కిరసనాయిలు స్టవ్వు మీద గంట దాటినా పప్పు బద్దలు బద్దలుగానే ఉంది. నాన్న భోజనానికి వచ్చే వేళైంది, అమ్మకు ఒకటే టెన్షన్. పక్క పోర్షన్లో ఉండే తమిళ పాటి, అంటే అవ్వ, వాసన పట్టి వచ్చింది. అమ్మకు తమిళం రాదు, ఆవిడకు తెలుగు రాదు. పాటి గరిటెతో రెండు బద్దలు తీసి నోట్లో వేసుకుని, బావి వైపు వేలు చూపించి అడ్డంగా తల ఊపింది. వీధి పంపు వైపు చూపించి నిలువుగా ఊపింది. తన ఇంట్లోంచి ఒక చెంబుడు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి వెళ్ళింది. ఉప్పు నీళ్ళలోని సున్నం పప్పును మెత్తబడనివ్వదని నేను తర్వాత ఎప్పుడో సైన్సు పుస్తకంలో చదువుకున్నాను. అమ్మకు ఆ పాఠం పాటి అలా చెప్పింది. ఆ పాటి బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో పప్పు వండిన ప్రతిసారీ ఒక గిన్నె ఆవిడ ఇంటికి వెళ్ళేది.

మా ఇంట్లో మంచినీళ్ళకు ఒక వరస ఉండేది. బియ్యం మొదటిసారి కడిగిన నీళ్ళు వీధి చివర పాలవాడి ఆవు కుడితికి. రెండోసారి కడిగినవి పులుసులోకి. కూరలు కడిగిన నీళ్ళూ, పప్పులు కడిగిన నీళ్ళూ ఒక బేసిన్లో చేరేవి. అవి అంట్లకు మొదటి విడత. అంట్లు బూడిదతో తోమి ఆ నీళ్ళలో ముంచి తీశాక, బావి నీళ్ళతో ఒకసారి తొలిచి, చివరికి గిన్నెడు మంచినీళ్ళు పైనుంచి తిప్పితే ఉప్పు చార పట్టకుండా స్టీలు తళతళలాడేది. ఆ తొలిచిన నీళ్ళు పెరట్లో గోంగూర మడికి, కరివేపాకు చెట్టుకు. తమిళంవాళ్ళ వీధిలో గోంగూర అడిగితే దొరికేది కాదు. పాండీబజారు దాకా వెళ్ళి ఎవరో తెలుగామె దగ్గర తెచ్చుకోవాల్సి వచ్చేది. ఊరి నుంచి విత్తనాలు తెప్పించి అమ్మే వేసింది. మా గోంగూర పచ్చడి తిన్నవాళ్ళంతా రుచి మెచ్చుకున్నారు గానీ, ఆ మడి పెరిగింది అంట్ల నీళ్ళతో అని ఎవరికీ తెలియదు.

1991 జనాభా లెక్కలప్పుడు ఎన్యూమరేటరు మా ఇంటికి వచ్చాడు. వసారాలో కూర్చుని నాన్న వివరాలు చెబుతున్నారు. అమ్మ దగ్గరికొచ్చేసరికి "పోయినేడాది ఏమైనా పని చేశారా?" అని అడిగాడు ఆయన. సరిగ్గా అప్పుడే అమ్మ నడుం మీద కుడంతో లోపలికి వస్తోంది. నాన్న ఒక క్షణం అమ్మ వైపు చూసి, "ఇంటిపని" అన్నారు. ఆయన పని చేయనివాళ్ళ కిందే రాసుకున్నాడు. తప్పు ఆయనది కాదు, ఆ కాగితంలో ఉన్నదే అంత. ఇంటిపని మాత్రమే చేసే ఆడవాళ్ళు మన జనాభా లెక్కల్లో పనిచేయనివాళ్ళే. ఆ లెక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మూడింటికి లేచి నీళ్ళు పట్టి, ఆరింటికి కాఫీ, ఎనిమిదింటికి రెండు క్యారేజీలు, తొమ్మిదింటికి బావి దగ్గర బట్టలు, ఆ తర్వాత రేషన్ షాపు క్యూ, మధ్యాహ్నం మిషను మీద వీధిలోవాళ్ళ జాకెట్లు. ఇంకేం చేస్తే పని అంటారో నాకు తెలియదు.

అమ్మ తమిళం నేర్చుకున్నది ఆ పంపు దగ్గరే. బడిలో మేం పరీక్షల కోసం నేర్చుకున్న తమిళం వేరు, అమ్మది వేరు. క్రియలన్నీ తమిళం, విసుగొస్తే వచ్చే మాటలన్నీ తెలుగు. వీధిలో ఆమె పేరు 'తెలుంగక్కా'. ఎవరింట్లో అర్ధరాత్రి నీళ్ళ చప్పుడు మొదట వినిపించినా కిటికీ దగ్గరికొచ్చి "తెలుంగక్కా, తణ్ణి వందురుచ్చు!" అని, నీళ్ళొచ్చాయని పిలిచేవాళ్ళు. ఆ కేకకు నాన్న లేవరు, మేం లేవం. అమ్మ మాత్రం పిలుపు పూర్తికాకముందే గొళ్ళెం తీసేది.

1993 వేసవి మాత్రం ఎవరూ మర్చిపోలేరు. ఊరికి నీళ్ళిచ్చే పుళల్, పూండి, చెంబరంబాక్కం చెరువులు అడుగంటాయి. పంపు కొట్టగా కొట్టగా గాలి వచ్చేది, ఆ గాలి వెనక సన్నటి ధార. వీధంతా కుడాల వరస. పచ్చవి, ఎర్రవి, నీలంవి, మధ్యలో మా ఇత్తడి బిందె ఒకటి. ఒకరోజు పెద్ద గొడవైంది. వీధి చివర గుడిసెల్లోంచి ఒకామె ఒక్క కుడంతో వచ్చింది. కట్టడం పనికి వెళ్ళే మనిషి, ఆలస్యమైంది. ముందున్నవాళ్ళు ఆరేసి కుడాలు పెట్టుకుని కూర్చున్నారు, ఆమెను ముందుకు రానివ్వలేదు. మాటా మాటా పెరిగి ఎవరిదో కుడం వీధిలోకి దొర్లింది. అమ్మ పంపు పిడి వదిలేసి లేచి నిలబడింది. "ఇంటికి రెండేసి. అందరికీ అయ్యాకే రెండో విడత" అంది, తనదైన తమిళంలో. "నువ్వెవరు చెప్పడానికి?" అన్నారు ఎవరో. అమ్మ సమాధానం చెప్పకుండా తన ఆరు కుడాల్లో నాలుగు తీసి గోడవారన పెట్టేసింది. గుడిసె ఆమె కుడం తనే గోతిలో దించింది. ఆ మర్నాటి నుంచి ముగ్గు సుద్దతో గోడ మీద ఇళ్ళ వరస రాయడం మొదలుపెట్టింది. ఏ రోజు ఏ ఇల్లు ముందో ఆ గోడ చెప్పేది. ఆ వేసవంతా మా పంపు దగ్గర మళ్ళీ గొడవ జరగలేదు.

అదే వేసవిలో ఆవకాయ. ఆవకాయ పెట్టకుండా ఏడాది గడపడం అమ్మ ఊహకు కూడా అందని విషయం. మామూలుగా అయితే కాయల్ని గంగాళంలో మంచినీళ్ళు పోసి నానబెట్టి కడిగేది. ఆ ఏడు గంగాళం నిండే ఆశ లేదు. నన్నూ తమ్ముణ్ణీ చెరో పక్క కూర్చోబెట్టి, ఒక్కో కాయను తడిగుడ్డతో తుడిచి, తొడిమ దగ్గర జీడి కారిన చోట మరోసారి తుడిచి, పొడిగుడ్డ మీద ఆరబెట్టించింది. కాయలు కొట్టేవాడికి చేతులు కడుక్కోవడానికి మాత్రం రెండు చెంబులు లెక్క చూడకుండా పోసింది. ఆవపిండి, కారం, ఉప్పు సమపాళ్ళలో కలిపి పప్పునూనె పోస్తుంటే వీధి వీధంతా ఘాటు. మూడో రోజు తిరగ కలిపాక, పంపు దగ్గరి ప్రతి ఇంటికీ చిన్న సీసా వెళ్ళింది. గుడిసె ఆమె ఇంటికి రెండు.

ఊరి నుంచి చుట్టాలు రావడం కూడా వేసవిలోనే. పట్టుచీరలకొకరు, కంటి ఆపరేషన్‌కొకరు, మెరీనా బీచి చూడాలని ఒకరు. పాపం వాళ్ళు కాలువ గట్టు మనుషులు. బకెట్టు మీద బకెట్టు పోసుకునేవాళ్ళు, కాళ్ళు కడుక్కోవడానికే రెండు చెంబులు. మేం గుడ్లప్పగించి చూస్తుంటే అమ్మ కళ్ళతోనే మమ్మల్ని వారించేది. "వచ్చినవాళ్ళకు నీళ్ళ సంగతి చెప్పకూడదే అమ్మాయ్. అన్నం లేదని చెప్పినా బాగుంటుంది గానీ నీళ్ళు లేవని ఎలా చెబుతాం?" అనేది. వాళ్ళున్నన్నాళ్ళూ రాత్రి రెండింటికే లేచేది. ఊరికి తిరిగి వెళ్ళి వాళ్ళు చెప్పుకునేది ఒకటే మాట, మద్రాసులో మా అమ్మాయి సుఖంగా ఉందని.

1996 సెప్టెంబరు చివర్లో కృష్ణా నీళ్ళు తమిళనాడు సరిహద్దు చేరాయని వార్త వచ్చింది. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కాలంలో కుదిరిన ఒప్పందం అది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకుంటే, ఆవిరైపోయేది పోను ఏడాదికి 12 టీఎంసీలు మద్రాసుకు ఇవ్వాలి. శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల దాటి కండలేరు. అక్కడి నుంచి 152 కిలోమీటర్ల కాలువ, సరిహద్దు దాటాక మరో 25 కిలోమీటర్లు, అప్పుడు పూండి. నాన్న పేపరులో ఇదంతా చదివి వినిపిస్తుంటే అమ్మ వత్తులు చేసుకుంటూ వింది. చదవడం అయ్యాక లేచి వెళ్ళి, పంపు పిడికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి వచ్చింది.

తమ్ముడు అప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. అట్లాసు తెచ్చి పరిచాడు. "అమ్మా, ఈ నీళ్ళు శ్రీశైలం దగ్గరే పక్కకు తిరిగిపోతాయి. బెజవాడకే రావు. మీ ఊరి కాలువకూ వీటికీ సంబంధం లేదు" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. పైగా పూండిలో వాననీటితో కలిసి, పుళల్ మీదుగా తిరిగి మాంబళం చేరేసరికి అందులో కృష్ణ పాలెంతో ఎవరు చెప్పగలరు? అమ్మ అట్లాసు మీద వేలు పెట్టి శ్రీశైలం నుంచి బెజవాడ దాకా ఒకసారి, శ్రీశైలం నుంచి పూండి దాకా ఒకసారి నడిపించింది. "మా అక్క దివిసీమలో పడింది, నేను మద్రాసులో పడ్డాను. దారులు వేరైతే మాత్రం ఒక అమ్మ కడుపున పుట్టలేదా?" అంది. తమ్ముడు అట్లాసు మూసేశాడు. ఆ తర్వాత చాలాకాలం తాగే నీళ్ళను అమ్మ 'కృష్ణ' అనే పిలిచేది. "కృష్ణ వచ్చిందా?", "కృష్ణ పట్టావా?" అని.

1998లో సాలిగ్రామంలో రెండో అంతస్తులో చిన్న ఫ్లాటు కొన్నారు. పంపు గొయ్యి పోయి సంపు, మోటారు వచ్చాయి. అమ్మకు ఇక విశ్రాంతి అనుకున్నాం. 2003లో మళ్ళీ కరువు. కొళాయిలు ఎండిపోయి, వీధి మూలన పెట్టిన నల్ల సింటెక్సు ట్యాంకులోకి లారీ వచ్చి పోస్తే మెట్లెక్కి మోసుకోవడమే. అమ్మ మోకాళ్ళు అరిగింది ఆ రెండేళ్ళలోనే అని నా నమ్మకం. మేం మోస్తామంటే ఒప్పుకునేది కానీ, లారీ దగ్గర తను ఉండాల్సిందే. ఆ ఏడాదే తమిళనాడులో ప్రతి కట్టడానికీ వాననీటి గుంటలు తప్పనిసరి చేశారు. మా అపార్టుమెంటులో అందరూ ఖర్చని గొణుగుతుంటే, అందరికంటే ముందు డబ్బు కట్టింది అమ్మే, జాకెట్లు కుట్టిన డబ్బులోంచి. 2004 కృష్ణా పుష్కరాలకు పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో బెజవాడ వెళ్ళి, స్నానం చేసి, చెంబుడు నీళ్ళు మూత బిగించి తెచ్చింది. ఇంట్లో చల్లుతుందనుకున్నాం. నేరుగా కిందికి వెళ్ళి సంపు మూత తీసి అందులో పోసింది. "ఇంట్లో చల్లితే మనకే. ఇక్కడ పోస్తే పన్నెండు ఇళ్ళకూ" అంది.

ఇక 2015 డిసెంబరు. ఒకటో తారీకు రాత్రి కురిసిన వానకు అడయారు నది పొంగి సగం ఊరు మునిగింది. మా వీధిలో నడుం లోతు నీళ్ళు, సంపులోకి మురుగు చేరింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టుకు నోటికొచ్చిన ధర. ఇన్ని నీళ్ళ మధ్య తాగడానికి చుక్క లేదు. నాన్న అప్పటికి లేరు. అమ్మ బీరువాలోంచి ఆయన పంచెలు, ఉతికి పెట్టినవి, రెండు తీసింది. మేడ మీద బట్టలారేసే స్తంభాలకు నాలుగు కొసలూ కట్టించి, మధ్యలో కడిగిన గులకరాయి వేయించింది. పంచె ఆ బరువుకు మధ్యలోకి వంగింది, వాన అక్కడికి చేరి సన్నగా కిందికి దిగింది. దాని కింద ఆ పాత ఇత్తడి బిందె. మొదటి బిందె పారబోయించింది, గాలిలో దుమ్ము ఉంటుందని. రెండోది కాచి, చల్లార్చి, ముందు కింది ఇంటి చంటిపిల్ల తల్లికి పంపింది. ఆ మూడు రోజులూ అపార్టుమెంటంతా అమ్మ చెప్పినట్టు నడిచింది. అంతకుముందు మెట్ల మీద ఎదురైతే నవ్వి ఊరుకునే కుర్రాళ్ళు కూడా, ఆ తర్వాత ఆమె చేతిలో సంచి కనిపిస్తే పరుగున వచ్చి అందుకునేవాళ్ళు.

2019 వేసవిలో మద్రాసుకు నీళ్ళిచ్చే నాలుగు చెరువులూ ఎండాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు, ఒక్కో రైలుకు 25 లక్షల లీటర్లు. అమ్మ అప్పటికి ఎక్కువగా మంచం మీదే. టీవీలో ఆ వ్యాగన్లు చూసి, "రైల్లో నేను బిందెలు తెచ్చుకున్నాను, వీళ్ళు నీళ్ళే తెచ్చుకుంటున్నారు" అని చాలాసేపు వాటి గురించే మాట్లాడింది. 2022లో వెళ్ళిపోయింది. చివరి రెండు రోజులు ఆస్పత్రిలో. నర్సు చెంచాతో నీళ్ళు పోయబోతే, ఆ అమ్మాయి ఎన్ని గంటల డ్యూటీలో ఉందో, తను తాగిందో లేదో అడిగి గానీ నోరు తెరవలేదు.

బిందెల్లో ఒకటి తమ్ముడి దగ్గర, ఒకటి నా దగ్గర ఉన్నాయి. గంగాళం మాత్రం మా అమ్మాయి అడిగి తీసుకుంది. తను బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ వైపు ఉంటుంది. 2024 మార్చిలో అక్కడ బోర్లు ఎండి, ట్యాంకర్లు దొరక్క అల్లాడిపోయారు. మంచినీళ్ళతో కారు కడిగినా, మొక్కలకు పోసినా 5000 రూపాయల జరిమానా అన్నారు. ఒకరోజు పొద్దున్నే ఫోను. వాళ్ళ అపార్టుమెంటులో రోజుకు రెండు గంటలే నీళ్ళట. గంగాళం నింపి పెట్టుకుందట. నేను ధైర్యం చెప్పబోయాను.

"అదంతా తర్వాత అమ్మా, ముందు ఇది చెప్పు. పప్పు కడిగిన నీళ్ళు అమ్మమ్మ దేనికి వాడేది? మొక్కలకా?"

"అంట్లకు. మొదటి విడత. మొక్కలకు ఆ అంట్లు తొలిచినవి."

"మరి బియ్యం కడిగినవి? ఇక్కడ ఆవు లేదుగా."

"రెండుసార్లవీ పులుసులోకే పొయ్యి" అన్నాను. "బియ్యం మాత్రం ముందు బాగా చెరుగు."